దీపం లేని ఊరు

పాత నిజాం ఇలాకా రెవెన్యూ కాగితాల్లో ఒక మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. బేచిరాగ్. పలికి పలికి అది ‘బేచిరాక్’ అయింది. పారశీకంలో చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేనిది. ఊరికి పేరుంటుంది, పొలిమేర ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి. పొద్దుగూకితే దీపం పెట్టే ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. ఈ మాటను మొదట దఫ్తరుకెక్కించినవాడెవరో గాని, ఊరు పోవడమంటే ఏమిటో ఎరిగినవాడే అయుంటాడు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 6 లక్షల 40 వేల గ్రామాలు నమోదైతే, వాటిలో 43 వేలకు పైగా జనం లేనివి. అన్నీ ఒక్క తీరుగా చీకటైనవి కావు. కొన్నిచోట్ల ఏనాడూ ఇల్లన్నదే లేదు, అడవే. కొన్ని గత్తరకో కరువుకో ఖాళీ అయినవి. నేను చెప్పబోయేవి నీళ్ళు ఆర్పేసిన దీపాలు. కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు, ఇవతల కొల్లాపూర్, అలంపూర్ దిక్కున, అవతల నందికొట్కూరు, ఆత్మకూరు దిక్కున, వందకు పైగా ఊళ్ళు మునిగాయి. లక్ష మందికి పైగా జనం ఇళ్ళు విడిచి గట్టెక్కారు.

ఎండాకాలం చివర ఒకసారి సోమశిల వైపు వెళ్ళాను. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే. జలాశయం బాగా దిగిపోయి, ఒండ్రు పగుళ్ళిచ్చి, కనుచూపు మేర బూడిదరంగు నేల తేలింది. ఆ నేల మీద ఒక ఊరి ఆనవాళ్ళు. మోకాలెత్తు గోడలు. చుట్టూ గట్టు విరిగిన చేదబావి. చచ్చి నలభై ఏళ్ళయినా కుళ్ళని చింతమొద్దులు. బోర్లపడిన రోలు, సగానికి పగిలిన ఇసుర్రాయి. వాటన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది ఒక బాట. రెండు వరసల గోడల నడుమ, బండి చక్రాలు దొర్లీ దొర్లీ బండరాయిలోకి దిగిన రెండు చాళ్ళు. అన్నేళ్ళు నీళ్ళు పైన నిలిచినా ఆ చాళ్ళు పూడలేదు. ఊరి నడుమ నుంచి బయల్దేరి, మునిగిన పొలాల మీదుగా, నది దిక్కుకు పోయి నీళ్ళలో కలిసిపోయాయి.

నాతో వచ్చిన పెద్దాయన ఆ చాళ్ళ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన తన ఊరి పేరు చెప్పినప్పుడు ముందు ‘పాత’ అని చేర్చలేదు. గట్టు మీద ప్రభుత్వం ఇచ్చిన కాలనీని ‘కొత్తది’ అంటాడు, అంతే. ఊరు మాత్రం ఇదే.

“గిట్లనే పోతుండె సారూ బండ్లు. రేవు కాడిదాకా. పుట్టి ఎక్కితే అవతల మా చెల్లెను ఇచ్చిన ఊరు.”

ఊరంటే ఇళ్ళ గుంపు అనుకుంటాం. ఇళ్ళు ఎక్కడైనా కట్టుకోవచ్చు. ఆ ఊరికి పిల్లనిచ్చే ఊరు, సంతకు పోయే ఊరు, జాతరకు పోయే ఊరు, వైద్యానికి పోయే ఊరు – వీటి నడుమ నడిచే బాటలే దాన్ని ఊరుగా నిలబెడతాయి. కృష్ణ ఒడ్డు ఊళ్ళకు ఆ బాటల్లో సగం నది మీదుగానే. 1956కు ముందు ఈ ఒడ్డు నిజాం సర్కారుది, తర్వాత హైదరాబాద్ రాష్ట్రానిది; ఆ ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది, తర్వాత మద్రాసు వాళ్ళదీ, ఆంధ్ర వాళ్ళదీ. రూపాయి వేరు, పోలీసు వేరు, పట్వారి ఇక్కడ, కరణం అక్కడ. అయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎన్నడూ ఆగలేదు. వెదురుబద్దలతో బుట్టలా అల్లిన గుండ్రటి పుట్టి ఎక్కి పెళ్ళివారు దాటేవారు. కంది బస్తాలు దాటేవి. పురిటికి పోయే ఆడబిడ్డ దాటేది. ఎండలు ముదిరి నది సన్నబడితే, రేవు ఎరిగినవాళ్ళు చీరలూ పంచెలూ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి నడిచే దాటేవాళ్ళు. రెండు రాజ్యాల నడుమ మోకాలిలోతు నీళ్ళు. ఆ లోతు తెలిసినవాళ్ళకు నది అడ్డు కాదు. ఇరుపక్కల ఊళ్ళనూ కలిపే నడివీధి.

1963 జులై 24న నెహ్రూ శ్రీశైలం ఆనకట్టకు పునాదిరాయి వేశాడు. నల్లమల కొండల నడుమ, సన్నటి లోయలో, 512 మీటర్ల పొడవున లేచే గోడ అది. పునాదిరాయి నుంచి ముంపు దాకా పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆ పద్దెనిమిదేళ్ళూ ఈ ఊళ్ళ జనం మామూలుగానే బతికారు. మట్టిమిద్దెలకు చౌడు పోసుకున్నారు, బావులు పూడిక తీయించారు, పిల్లలకు పెళ్ళిళ్ళు చేశారు. శ్రీశైలం ఎక్కడ, మేమెక్కడ అనుకున్నారు. శివరాత్రికి కాలినడకన వెళ్తే రోజులు పట్టే చోటు. అక్కడ గోడ కడితే ఇక్కడ మా వాకిట్లోకి నీళ్ళెలా వస్తాయి? జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు అని ఇంజనీర్లు లెక్కగట్టి, ఆ ఎత్తు తగిలే చోటల్లా రాళ్ళు పాతారు. ఆ రాయికి దిగువన ఉన్నదంతా పోతుంది. కొన్ని ఊళ్ళలో ఇళ్ళు దిగువన పడ్డాయి. కొన్నిట్లో ఇళ్ళు మిగిలి పొలాలన్నీ దిగువన పడ్డాయి. ఈ రెండోరకం వాళ్ళ గోస మరీ ఘోరం. ఊరు మునగలేదు కాబట్టి వాళ్ళది ముంపు గ్రామం కాదన్నా, తినడానికి గింజ పండే నేల మిగల్లేదు.

1981 జనాభా లెక్కల సంగతి తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. ఆ లెక్కలు మార్చి 1 సూర్యోదయం నాటికి తీసినవి. ఎన్యూమరేటర్లు ఆ ఫిబ్రవరిలో దేశమంతా తిరిగినట్టే ఈ ఊళ్ళకూ వచ్చారు. ఆ లెక్కలు అచ్చేసే పుస్తకంలో ప్రతి ఊరికీ ఒక వరుస ఉంటుంది. ఎంత విస్తీర్ణం, ఎన్ని ఇళ్ళు, మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, బడి ఉందా, తాగే నీళ్ళు బావివా నదివా, కరెంటు వచ్చిందా, బస్సు ఆగుతుందా. ఇంకా, ఊరికి చేరే దారి ఎలాంటిది అనే గడి: పక్కా రోడ్డు, కచ్చా రోడ్డు, కాలిబాట, పడవ నడిచే నది. అన్నీ పొడి అక్షరాల్లో. ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ లెక్కలో వేసుకుని ఎన్యూమరేటరు వెళ్ళిపోయాడు. ఆ లెక్క అచ్చుకెక్కకముందే, అదే ఏడు ఎండాకాలంలో, ఊళ్ళు ఖాళీ చేయించడం మొదలైంది. అంటే ప్రభుత్వం ఒక చేత్తో వాళ్ళ తలలు లెక్కపెట్టింది, మరో చేత్తో తలుపులు పీకించింది. ఆ తర్వాతి లెక్కల్లో పూర్తిగా మునిగిన ఊళ్ళ వరుసలో జనాభా గడి ఖాళీ. దారి గడి కూడా ఖాళీ.

ఊరు ఖాళీ చేయడం ఒక్క రోజు పని కాదు. ముందు చాటింపు. తర్వాత నోటీసులు. జీపులు, పోలీసులు. చాలామంది కదల్లేదు, వానలు పడి నీళ్ళు వాకిలి తాకితే గాని నమ్మలేదు. పోతే పోయేవి గోడలు, దూలాలు పోగొట్టుకోకూడదని తమ ఇళ్ళు తామే విప్పుకున్నారు. ద్వారబంధాలు, దూలాలు, వాసాలు, మిద్దె మీది బండలు, ఒక్కొక్కటే బండ్లకెక్కించి గట్టు మీదికి లాగారు. తాత చేయించిన గడపను మనవడు గునపంతో పెకలిస్తుంటే ఇంటి ఆడవాళ్ళు దానికి పసుపు రాసి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నారట. కొందరు పాత ఇంటి తలుపులే కాలనీ ఇంటికి బిగించుకున్నారు. గోడ చిన్నదైతే తలుపును కోయించారు. పెద్దాయన ఇంటి తలుపు అలా కోసినదే. చెక్కిన పూలతీగ సగంలో తెగి ఉంటుంది.

బొడ్రాయిని తేలేకపోయారు. ఊరు కట్టినప్పుడు నడిబొడ్డున పాతిన రాయి అది, ఊరికి బొడ్డులాంటిది. దాన్ని కదిలించకూడదు. కాలనీలో కొత్త బొడ్రాయిని నిలబెట్టడానికి వాళ్ళకు ఏళ్ళు పట్టింది. ఎవరి చేతిలోనూ డబ్బు లేదనే కాదు. పాతది ఇంకా ఉందిగదా, నీళ్ళ కింద ఉంది అంతేగదా, అనే తర్జనభర్జన తెగక.

అదే కాలంలో గుళ్ళ సంగతి వేరుగా నడిచింది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, చాళుక్యుల నాటిదాన్ని, రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపూర్ తీసుకుపోయి మళ్ళీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్ళను అలాగే తరలించారు, సోమశిల గుళ్ళను గట్టు మీదికి తెచ్చారు. ఆ పని చేసిన శిల్పులకూ పురావస్తు శాఖవాళ్ళకూ చేతులెత్తి మొక్కాలి. ఈ రోజు అలంపూర్ వెళ్ళి ఆ గుడి చుట్టూ తిరిగితే ఒక్క రాయి తేడాగా కనబడదు. అంత ఓపిక, అంత లెక్క, అంత గౌరవం ఈ దేశానికి చేతనవునని అక్కడ తెలుస్తుంది. అందుకే నాకు దుఃఖం ఎక్కువవుతుంది. గుడిని రాయి చెదరకుండా ఎత్తి నాటగలిగిన చేతులే ఊరిని కూడా వీధి వీధిగా, ఇరుగు పొరుగు విడిపోకుండా ఎత్తి నాటి ఉండవచ్చు. ఎవరూ ఆ నంబర్లు వేయలేదు. పక్కిళ్ళవాళ్ళు రెండు కాలనీల్లో పడ్డారు. ఒక వీధి నాలుగు ఊళ్ళకు చెదిరింది.

పరిహారం 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఇచ్చారు. ఆ చట్టం పొలానికి ధర కట్టేది, మిద్దెకు ధర కట్టేది, చెట్టుకు ధర కట్టేది. కాగితం లేకుండా కౌలుకు చేసుకునేవాడికి, కూలికి పోయేవాడికి, ఊరందరికీ కుండలు చేసి గింజలు తీసుకునే కుమ్మరికి, పుట్టి నడిపేవాడికి అందులో గడి లేదు. నేల లేని వాళ్ళకు కూడా పునరావాసం హక్కని చెప్పే చట్టం 2013లో గాని రాలేదు. అప్పటికి ఈ ఊళ్ళు మునిగి ముప్ఫై రెండేళ్ళు. చేతికొచ్చిన చెక్కులు అప్పులకూ పెళ్ళిళ్ళకూ కరిగాయి. ఏనాడూ ఇంత డబ్బు ఒక్కసారి చూడని రైతు, మునగని ఊళ్ళో నేల కొందామని పోతే, ముంపు డబ్బు వస్తోందని తెలిసి అక్కడ ధరలు పెరిగాయి.

1986లో ప్రభుత్వం జీవో 98 ఇచ్చింది. నిర్వాసిత కుటుంబంలో ఒకరికి సర్కారు కొలువు. కొందరికి వచ్చింది. రానివాళ్ళకు ఆ జీవో జీవితకాలపు ఎదురుచూపు అయింది. ఈ ప్రాంతంలో ‘తొంభై ఎనిమిది జీవో’ అంటే చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. దరఖాస్తు పెట్టిన కుర్రవాడు వయసు మీరిపోయాడు. అతని కొడుకు ధర్నా టెంటు కింద కూర్చున్నాడు. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది, టెంటు అదే.

మిగిలినవాళ్ళు పాలమూరు నుంచి ఎందరో పట్టిన దారే పట్టారు. గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పార తట్ట పట్టుకుని, బొంబాయికో పుణేకో హైదరాబాదుకో. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని ఒక మాట ఉంది. నీళ్ళ కింద ఊరు పోయినవాడు మరో చోట ఆనకట్ట మట్టి మోయడం తలుచుకుంటే, ఆ తట్ట బరువు ఎంతో ఊహకు అందదు.

బాట సంగతికి వస్తాను. మోకాలిలోతు రేవు పోయి, కిలోమీటరు దాటిన వెడల్పున నిలువలోతు నీళ్ళు నిలిచాయి. చెల్లెలి ఊరికి పుట్టిలో పోయే గంట ప్రయాణం, రోడ్డున పోతే పెబ్బేరు మీదుగా, కర్నూలు చుట్టి, నందికొట్కూరు, ఆత్మకూరు దాకా రోజంతా. బస్సు చార్జీలు పెట్టలేనివాళ్ళు, తొందర ఉన్నవాళ్ళు పడవలే ఎక్కారు. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్టల నడుమ అలా దాటుతున్న పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆడవాళ్ళు, పిల్లలు. ఒకప్పుడు వాళ్ళ తాతలు నడిచి దాటిన నది అది. ఆ శవాలు గట్టుకు చేరాక గాని ఇక్కడ వంతెన కావాలన్న మాట రాజధానికి చేరలేదు. సోమశిల, సిద్ధేశ్వరం నడుమ వంతెన కడతామని అప్పుడన్నారు. ఏళ్ళు గడిచాయి. 2014 జూన్ 2 తర్వాత నది మళ్ళీ రెండు రాష్ట్రాల సరిహద్దయింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం 1,082 కోట్లతో తీగల వంతెనకు అనుమతిచ్చింది. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్ళేవాళ్ళకు 80 కిలోమీటర్లు కలిసొస్తుందన్నారు. మంచిదే, రావాలి, త్వరగా రావాలి. కానీ ఆ లెక్కలో నా మనసు కుదురుకోదు. తిరుపతి దూరం కొలిచినంత శ్రద్ధగా, అన్న ఊరికీ చెల్లెలి ఊరికీ నడుమ పెరిగిన దూరాన్ని ఈ నలభై ఏళ్ళలో ఎవరూ కొలవలేదు.

నీళ్ళ వల్ల మేలు జరగలేదని నేను అనను. 1982లో శ్రీశైలం కరెంటు మొదలైంది. ఎన్నో ఊళ్ళలో, పట్నాల్లో దీపాలు వెలిగాయి. పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకూ, చెన్నపట్నం దాకా తాగునీళ్ళు పోయాయి. ఇవతలి గట్టున, కొల్లాపూర్ పక్కనే, ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు 2012 నుంచి ఇదే నీటిని పైకి తోడుతున్నాయి. పాలమూరు బీళ్ళు తడిశాయి. కానీ కాలనీలో కూర్చుంటే ఆ మోటార్ల రొద వినబడుతుంది, పొలం ఉండదు. జలాశయం కూడా ఎప్పటిలా లేదు. కట్టిన నాడు 308 టీఎంసీలు పట్టేది, ఒండ్రు పేరుకుని 215కు వచ్చింది. ఆ ఒండ్రు కింద ఉన్నవి ఈ ఊళ్ళ పొలాలే. ఏటా ఒక పొర మందం పెరుగుతూ పోతోంది.

ఒడ్డున ఇప్పుడు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాలు గుడిసెలేసుకుని చేపలు పడుతున్నాయి. వాళ్ళది మరో కథ, అది కూడా కన్నీళ్ళదే. సాయంత్రం వాళ్ళ గుడిసెల్లో దీపాలు నీళ్ళలో నిలువుగా వణుకుతుంటాయి. మునిగిన ఊళ్ళ మీద ఇప్పుడు వెలిగే దీపాలు అవే. ఏ రెవెన్యూ రికార్డులోనూ వాటి పేరు లేదు.

అవతల సప్తనదీ సంగమేశ్వరంలో గుడిని తరలించలేదు. ఏటా నీళ్ళు ఎక్కితే మునుగుతుంది, దిగితే తేలుతుంది. అక్కడి లింగం వేపచెక్కదని చెబుతారు. నెలల తరబడి నీళ్ళలో ఉండి బయటపడిన రోజున మొదటి పూజ చూడటానికి జనం పడవల్లో వస్తారు. దేవుడు ఏటేటా తేలుతున్నాడు కాబట్టి తమ ఊరూ తేలుతుందని ముంపు జనం కొన్నాళ్ళు నమ్మారు. తేలింది నిజమే. నీళ్ళు దిగిన నెల రెండు నెలలు, కొందరు రైతులు తమ పాత పొలం గట్లు వెతుక్కుని ఆ ఒండ్రులో ఇప్పటికీ విత్తనాలు చల్లుతారు. వానలొచ్చేలోగా చేతికొస్తే పంట, రాకపోతే కృష్ణకు.

నేను సోమశిల వెళ్ళిన ఆ ఏడే, కార్తీకంలో పెద్దాయనతో కలిసి మళ్ళీ వెళ్ళాను. అవతలి ఒడ్డున ఆయన చెల్లెలు చనిపోయింది. కబురు ఫోనులో క్షణంలో వచ్చింది. రోడ్డున బయల్దేరితే మట్టికి అందలేమని ఆయన అప్పుడు వెళ్ళలేకపోయాడు. నదిలో గాలి ఎక్కువగా ఉందని పడవ తీయలేదట. ఇప్పుడు దినాలకు పోతున్నాం. జలాశయం నిండుగా ఉంది. ఎండాకాలంలో నేను నిలబడ్డ చోటు ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను. నీలం తప్ప మరేమీ లేదు.

పెద్దాయన మాత్రం గట్టు మీది ఒక తుమ్మచెట్టునూ, దూరంగా ఒక కొండ కొమ్మునూ మార్చి మార్చి చూస్తున్నాడు. రెండూ ఒక వరసలోకి వచ్చాక, పడవ నడిపే కుర్రవాడి భుజం మీద చెయ్యేశాడు.

“ఇంజనాపు బిడ్డా. ఊరొచ్చింది.”

కుర్రవాడికి అలవాటే కాబోలు, ఎందుకని అడగలేదు. మోటారు ఆపాడు. పడవ కాసేపు దానంతట అదే జారింది. పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, పడవ అంచు మీదుగా కిందికి, బండి చాళ్ళు పోయే దిక్కుకు, వంగి చూస్తూ కూర్చున్నాడు.